ఒకే లెక్కకు నాలుగు దారులు: భౌతిక, రసాయన శాస్త్రాల హోంవర్క్‌లో ఏ పద్ధతిని ఎప్పుడు ఎంచుకోవాలి

గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న బస్సుకు డ్రైవరు బ్రేకు వేయగా అది 5 సెకన్లలో ఆగింది. బ్రేకు వేసిన తరువాత బస్సు ఎంత దూరం వెళ్లి ఆగింది? తొమ్మిదో తరగతి పిల్లలకు ఏదో ఒక రూపంలో తప్పక ఎదురయ్యే లెక్క ఇది. ఒక అమ్మాయి నోట్‌బుక్‌లో ఈ లెక్కకు నేను చూసిన జవాబు 180 మీటర్లు. సూత్రం సరిగ్గానే రాసింది, ప్రతిక్షేపణలో వరుస తప్పలేదు, గుణకారమూ తప్పలేదు, చివర పెట్టె గీసి అందులో జవాబు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చడం ఒక్కటే మరిచింది. అసలు జవాబు 50 మీటర్లు.

మరుపు ఎవరికైనా సహజమే. నన్ను ఆలోచనలో పడేసింది వేరొకటి: ఆమె ఎంచుకున్న దారిలో మొదటి గీత నుంచి చివరి పెట్టె దాకా ఆ మరుపు బయటపడే చోటు ఒక్కటీ లేదు. అదే లెక్కను ప్రమాణాలు రాసుకుంటూ చేసి ఉంటే రెండో గీతలోనే గంటలూ సెకన్లూ పక్కపక్కన కనబడి చేయి ఆగేది. అందువల్ల ఏ పద్ధతి సులువు, ఏది త్వరగా ముగుస్తుంది అన్న ప్రశ్నల కన్నా, ఏ పద్ధతిలో నా తప్పు నాకు కనబడుతుంది అన్న ప్రశ్న ముందు రావాలని నా గట్టి నమ్మకం. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ మొదటి సంవత్సరం దాకా వచ్చే లెక్కలకు విద్యార్థుల చేతిలో ఉన్న దారులు ముఖ్యంగా నాలుగు: సూత్రంలో ప్రతిక్షేపించడం, త్రైరాశికం, ప్రమాణాల పద్ధతి, బొమ్మ గీసి సాధించడం. వీటిలో దేనిని ఎప్పుడు ఎంచుకోవాలో తేలక ఊగిసలాడే విద్యార్థుల కోసమూ, పక్కన కూర్చుని చేయించే తల్లిదండ్రుల కోసమూ ఈ పోలిక.

ముందుగా చూడవలసిన కొలమానాలు

అన్నిటికన్నా బరువైనది ఇప్పుడే చెప్పాను: తప్పు జరిగితే అది కంటికి ఆనుతుందా లేదా. రెండోది, ఆ పద్ధతి ఎక్కడి వరకు చెల్లుతుందో మనకు తెలుసా అన్నది. ప్రతి పద్ధతికీ ఒక సరిహద్దు ఉంటుంది. ఆ సరిహద్దు దాటిన తరువాత కూడా అది ఏదో ఒక సంఖ్యను ఇస్తూనే ఉంటుంది కాబట్టి, దాటినట్టు మనకు తెలియదు. మూడోది, పై తరగతికి వెళ్లినప్పుడు కూడా ఆ అలవాటు అక్కరకు వస్తుందా, లేక అక్కడ దానిని వదిలించుకోవలసి వస్తుందా అన్నది. సమయం, మార్కులు వీటి తరువాతే. మార్కుల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను: వివరంగా రాసే ప్రశ్నలలో దత్తాంశం, సూత్రం, ప్రతిక్షేపణ, ప్రమాణంతో సహా జవాబు అన్న మెట్లు కనబడాలి కాబట్టి, లోపల ఏ దారిలో ఆలోచించినా కాగితం మీద ఈ వరుస ఉండి తీరాలి.

సూత్రంలో ప్రతిక్షేపించడం

తరగతిలో ఎక్కువగా నేర్పేది ఇదే. ఇచ్చినవి రాసుకోవాలి, కావలసినది రాసుకోవాలి, రెండింటినీ కలిపే సూత్రాన్ని వెతకాలి, విలువలు పెట్టాలి. విద్యుత్ పాఠంలో ఇది హాయిగా నడుస్తుంది. 240 వోల్టుల వద్ద 60 వాట్ల బల్బు తీసుకునే విద్యుత్ ప్రవాహం ఎంతని అడిగితే, సామర్థ్యాన్ని పొటెన్షియల్ భేదంతో భాగించి 0.25 ఆంపియర్లు అని ఒక్క గీతలో చెప్పవచ్చు. దాని నుంచి నిరోధం 960 ఓములని మరో గీతలో వస్తుంది. తెలియని రాశి ఒక్కటే ఉండి, మిగిలినవన్నీ నేరుగా ఇచ్చినప్పుడు ఇంతకన్నా దగ్గర దారి లేదు.

అయితే ఈ దారిలో తప్పు దాక్కోవడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి ప్రమాణాలు, బస్సు లెక్కలో జరిగింది అదే. రెండోది సూత్రం వెనుక ఉన్న షరతు. తొలి వేగం, తుది వేగం, త్వరణం, కాలం, స్థానభ్రంశాలను కలిపే మూడు చలన సమీకరణాలు త్వరణం మారకుండా ఉన్నప్పుడే చెల్లుతాయి. ఆ మాట పాఠంలో ఉంటుంది కానీ సూత్రాల చార్టులో ఉండదు. ఒక బస్సు నిశ్చలస్థితి నుంచి బయలుదేరి కొంతసేపు వేగం పుంజుకుని, కొంతసేపు సమవేగంతో వెళ్లి, చివర బ్రేకు వేసి ఆగిందని లెక్క ఇస్తే, మొత్తం కాలాన్ని ఒకే సమీకరణంలో పెట్టేసే విద్యార్థులు చాలామంది. సగటు వడి కూడా ఇలాంటిదే: ఊరికి వెళ్లేటప్పుడు గంటకు 40, వచ్చేటప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వడి అంటే సగటు 50 అని రాస్తారు. నెమ్మదిగా వెళ్లినప్పుడు ఎక్కువసేపు పడుతుంది కాబట్టి సరైన జవాబు గంటకు 48 కిలోమీటర్లు. రెండు వడులను కూడి సగం చేసే పద్ధతి కాలాలు సమానమైనప్పుడు నడుస్తుంది, దూరాలు సమానమైనప్పుడు నడవదు.

త్రిభుజం గీసి, కావలసిన రాశిని వేలితో మూస్తే మిగిలినది జవాబు అన్న చిట్కా మీద నా అభిప్రాయం కూడా ఇక్కడే చెప్పాలి. ఓమ్ నియమానికీ, సాంద్రతకూ, వడికీ అది పనిచేస్తుంది. కానీ దానికి అలవాటు పడిన పిల్లలు సమీకరణంలో ఒక రాశిని ఒక పక్కకు తెచ్చుకోవడం నేర్చుకోరు. పదో తరగతిలో దర్పణ సూత్రం రాగానే, అది ఏ త్రిభుజంలోనూ ఇమడదు కాబట్టి, చేతులు కట్టేసినట్టవుతుంది. ఏడో తరగతిలో చెప్పిన సామాన్య సమీకరణాలను ఒక వారం మళ్లీ చేయిస్తే త్రిభుజంతో పని ఉండదు.

త్రైరాశికం

ఆర్యభటుడు 499లోనే ప్రమాణం (ఇక్కడ యూనిట్ కాదు, తెలిసిన పరిమాణం), ఫలం (దానికి వచ్చేది), ఇచ్ఛ (మనం అడుగుతున్న పరిమాణం) అన్న పేర్లతో సూత్రీకరించిన పద్ధతి ఇది: ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలి. మన ఇళ్లలో బియ్యం ధర నుంచి కూలి లెక్క దాకా దీనితోనే నడుస్తుంది కాబట్టి, పెద్ద చదువు లేని అమ్మమ్మ కూడా దీనిని నోటిలెక్కగా చేయగలదు. రసాయన శాస్త్రంలో భారాల లెక్కలు మొదలైనప్పుడు తెలుగు పిల్లలకు అతి సహజంగా అబ్బేది ఇదే, అది మంచిదే కూడా.

పల్నాడులోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరు పొందిన ఊరు. అక్కడి బట్టీలో జరిగే చర్యనే లెక్కగా తీసుకుందాం. సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్, వేడికి విడిపోయి పొడిసున్నమూ కార్బన్ డయాక్సైడూ అవుతుంది. పరమాణు ద్రవ్యరాశులు కూడితే 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్ నుంచి 56 గ్రాముల పొడిసున్నం, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. 25 గ్రాముల రాయి నుంచి ఎంత వాయువు వస్తుంది? 100కు 44 అయితే 25కు ఎంత? 11 గ్రాములు. పొడిసున్నం 14 గ్రాములు. రెండూ కూడితే 25 కాబట్టి లెక్క సరిపోయింది. రాయిలో 80 శాతమే కాల్షియం కార్బొనేట్ ఉందంటే ముందుగా 25లో 80 శాతం 20 గ్రాములని తేల్చుకుని, మళ్లీ అదే త్రైరాశికంతో 8.8 గ్రాములు అని చెప్పవచ్చు. ఇంత సూటిగా అర్థమయ్యే పద్ధతి మరొకటి లేదు.

సరిహద్దు ఎక్కడంటే, ఒకటి రెట్టింపయితే రెండోదీ రెట్టింపవుతుందన్న నమ్మకం ఎక్కడ చెడుతుందో అక్కడ. ఎత్తు నుంచి వదిలిన రాయి 2 సెకన్లలో సుమారు 20 మీటర్లు పడుతుంది. 4 సెకన్లలో త్రైరాశికం 40 అంటుంది, నిజానికి 80, ఎందుకంటే దూరం కాలం యొక్క వర్గానికి అనులోమంగా ఉంటుంది. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 300 మిల్లీలీటర్లున్న వాయువును పీడనం మారకుండా 54 డిగ్రీలకు వేడి చేస్తే 600 మిల్లీలీటర్లని త్రైరాశికం చెబుతుంది. కెల్విన్‌లలోకి మారిస్తే 300 నుంచి 327కు పెరిగిందే తప్ప రెట్టింపు కాలేదు, కాబట్టి జవాబు 327 మిల్లీలీటర్లు. సున్నా నుంచి మొదలయ్యే కొలతబద్ద మీదనే అనుపాతం చెల్లుతుంది, సెల్సియస్‌లోని సున్నా నిజమైన సున్నా కాదు.

అంతకన్నా గుర్తుంచుకోదగ్గ ఉదాహరణ హైడ్రోజన్, ఆక్సిజన్‌లది. 4 గ్రాముల హైడ్రోజన్ 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 36 గ్రాముల నీరు ఇస్తుందని పాఠంలో ఉంటుంది. ఇప్పుడు 4 గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ మాత్రమే ఇచ్చి ఎంత నీరు వస్తుందని అడిగితే, హైడ్రోజన్‌ను పట్టుకుని త్రైరాశికం వేసిన విద్యార్థి 36 గ్రాములని రాస్తాడు. పాత్రలో వేసినదే 20 గ్రాములు, అందులోంచి 36 గ్రాముల నీరు ఎలా వస్తుంది? ద్రవ్యనిత్యత్వ నియమం అక్కడే అడ్డుకోవాలి. ఆక్సిజన్ ముందుగా అయిపోతుంది కాబట్టి నీరు 18 గ్రాములు, మిగిలిపోయే హైడ్రోజన్ 2 గ్రాములు. రెండు పదార్థాల భారాలూ ఇచ్చిన లెక్క కనబడగానే త్రైరాశికాన్ని పక్కనపెట్టి మోల్‌లలోకి దిగాలి.

ప్రమాణాల పద్ధతి

ఈ పోలికలో నేను ఎక్కువ మొగ్గు చూపేది దీనికే, కారణాలు దాచకుండా చెబుతాను. ప్రతి సంఖ్య పక్కన దాని ప్రమాణాన్ని రాసి, పైనా కిందా ఉన్న ఒకే ప్రమాణాలను సంఖ్యల్లాగే కొట్టివేస్తూ, చివరకు మనకు కావలసిన ప్రమాణం మిగిలేలా గుణకారాలు పేర్చుకోవడమే ఈ పద్ధతి. గంటకు 72 కిలోమీటర్లు అని రాసి, కిలోమీటరుకు 1000 మీటర్లతో గుణించి, గంటకు 3600 సెకన్లతో భాగిస్తే కిలోమీటర్లు పోతాయి, గంటలు పోతాయి, సెకనుకు 20 మీటర్లు మిగులుతాయి. 18తో భాగించి 5తో గుణించాలా, 5తో భాగించి 18తో గుణించాలా అని తల పట్టుకునే పిల్లలకు ఇక ఆ కంఠస్థంతో పని లేదు. తిరగేసి రాస్తే ప్రమాణాలు పోకుండా మొండిగా నిలబడి, తప్పు జరిగిందని తామే చెబుతాయి.

ఇది బడి పిల్లల గొడవ మాత్రమే కాదు. 1983 జూలైలో ఎయిర్ కెనడా 143 విమానంలో ఇంధనం నింపేటప్పుడు లీటర్లను కిలోగ్రాములలోకి మార్చడానికి లీటరుకు 1.77 అన్న సంఖ్యను వాడారు. అది లీటరుకు పౌండ్ల లెక్క; కిలోగ్రాములకైతే సుమారు 0.8 వాడాలి. కావలసిన ఇంధనంలో సగం కూడా లేకుండా బయలుదేరిన ఆ విమానం ఆకాశంలో ఉండగానే ఇంజన్లు ఆగిపోయి, గాలిలో జారుతూ గిమ్లీ అన్న చోట పాత వైమానిక స్థావరపు రన్‌వే మీద దిగింది. పైలట్ల నేర్పు వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. 1.77 పక్కన పౌండ్లు అన్న మాట రాసి ఉంటే ఆ గుణకారంలోనే తేడా కనబడేది.

ఇంటి విద్యుత్ లెక్కలకూ ఇదే నప్పుతుంది. 2000 వాట్ల గీజరును రోజుకు 30 నిమిషాల చొప్పున 30 రోజులు వాడితే ఎన్ని యూనిట్లు? ఉన్న సంఖ్యలన్నీ గుణించి 18 లక్షలని రాసిన విద్యార్థిని అది ఏ ప్రమాణమని అడిగితే వాట్-నిమిషాలని తానే తేల్చుకుంటుంది. వాట్లను 1000తో, నిమిషాలను 60తో భాగిస్తే 30 కిలోవాట్-గంటలు, అంటే 30 యూనిట్లు.

మోల్ లెక్కలు ఈ పద్ధతికి సొంత ఇల్లు వంటివి. డజను అంటే 12 అన్నట్టే, మోల్ అంటే 6.022 × 10²³ కణాలు. 2019 మే 20 నుంచి ఈ సంఖ్యే, కచ్చితంగా చెప్పాలంటే 6.02214076 × 10²³, మోల్‌కు నిర్వచనం. గ్రాముల నుంచి మోల్‌లకు, మోల్‌ల నుంచి తుల్య సమీకరణం ద్వారా మరో పదార్థపు మోల్‌లకు, అక్కడి నుంచి గ్రాములకో లీటర్లకో వెళ్లడం అన్నదే దారి. 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌ను నీటిలో కరిగించి 250 మిల్లీలీటర్ల ద్రావణం చేస్తే మోలారిటీ ఎంత? మోల్‌కు 40 గ్రాములు కాబట్టి 0.1 మోల్, 250 మిల్లీలీటర్లంటే 0.25 లీటరు, లీటరుకు 0.4 మోల్. సూత్రం గుర్తు లేకపోయినా లీటరుకు మోల్‌లు అన్న ప్రమాణమే ఏం చేయాలో చెప్పింది.

ఇంటర్ విద్యార్థులు జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. సున్నపురాయి లెక్కలోనే వాయువు ఘనపరిమాణం అడిగితే, 25 గ్రాములు 0.25 మోల్ కాబట్టి 22.4 లీటర్లతో గుణించి 5.6 లీటర్లంటాం. ఆ 22.4 అన్నది సున్నా డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనాల వద్ద విలువ. పీడనాన్ని 1 బార్‌గా తీసుకునే ఇప్పటి ప్రమాణ పరిస్థితులలో అది 22.7 లీటర్లు. ప్రశ్నలో ఏ పీడనం ఇచ్చారో చూసి, అది ఏదో జవాబులో రాయడం మంచిది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. రాత పెరుగుతుంది, మొదటి నెల విసుగు పుడుతుంది. పైగా ప్రమాణం లేని సంఖ్యలను ఇది పట్టుకోలేదు: చలన సమీకరణంలో సగం అన్న గుణకం మరిచిపోయినా చివర మీటర్లే మిగులుతాయి. సంకేతాల తప్పునూ, అంటే ధన రుణాల తారుమారునూ, ఇది పసిగట్టలేదు. ఆ పని తరువాతి పద్ధతిది.

బొమ్మ గీసి సాధించడం

బొమ్మ అంటే అలంకారమని చాలామంది పిల్లలు భావిస్తారు, అందుకే లెక్క అంతా అయిపోయాక, మార్కు కోసం, చివర గీస్తారు. లెక్క మొదలుపెట్టక ముందు గీసినప్పుడే దాని విలువ తెలుస్తుంది.

బస్సు లెక్కకే తిరిగి వద్దాం. అడ్డంగా కాలం, నిలువుగా వేగం తీసుకుంటే, సెకనుకు 20 మీటర్ల వద్ద మొదలై 5 సెకన్ల వద్ద సున్నాకు దిగే ఏటవాలు గీత వస్తుంది. గీత కింద ఉన్న వైశాల్యమే దూరం. త్రిభుజ వైశాల్యం, భూమి 5, ఎత్తు 20, సగం చేస్తే 50 మీటర్లు. త్వరణం కనుక్కోవలసిన పనే పడలేదు. ఇక మూడు దశల బస్సు: 10 సెకన్లలో సెకనుకు 20 మీటర్ల వేగం అందుకుని, 30 సెకన్లు అలాగే సాగి, 5 సెకన్లలో ఆగితే, గ్రాఫు సమలంబ చతుర్భుజం అవుతుంది. సమాంతర భుజాలు 45, 30, ఎత్తు 20. వైశాల్యం 750 మీటర్లు. సూత్రాలతో చేస్తే 100, 600, 50 అని మూడుసార్లు కట్టి కూడాలి. వేగాన్ని ఎత్తుగా, కాలాన్ని పొడవుగా గీసి వైశాల్యంతో దూరం చూపించే ఊహ 14వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన నికోల్ ఓరెమ్‌ది. చలన సమీకరణాలను మనం ఇప్పుడు రాసే రూపం రాకముందే ఈ బొమ్మ ఉంది.

బొమ్మ ఎంతగా కాపాడుతుందో కాంతి పాఠంలో ఇంకా బాగా తెలుస్తుంది. 15 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న పుటాకార దర్పణం ముందు 10 సెంటీమీటర్ల దూరంలో వస్తువు ఉంది, ప్రతిబింబం ఎక్కడ? వస్తువు నాభికీ దర్పణానికీ మధ్య ఉంది కాబట్టి, రెండు కిరణాలు గీస్తే అవి ముందు కలవవు, వెనక్కి పొడిగిస్తే దర్పణం వెనుక కలుస్తాయి. ప్రతిబింబం నిటారుగా, వస్తువు కన్నా పెద్దదిగా ఉంటుంది. ఇప్పుడు దర్పణ సూత్రంలోకి (నాభ్యంతరపు విలోమం = ప్రతిబింబ దూరపు విలోమం + వస్తు దూరపు విలోమం) వెళితే, దర్పణం ముందు వైపు దూరాలకు రుణ గుర్తు కాబట్టి నాభ్యంతరం −15, వస్తు దూరం −10. లెక్క కడితే ప్రతిబింబ దూరం +30, ఆవర్ధనం, అంటే ప్రతిబింబం వస్తువుకు ఎన్ని రెట్లో, 3. నాభ్యంతరానికి రుణ గుర్తు పెట్టడం మరిచిన విద్యార్థికి +6 వస్తుంది. 6 సెంటీమీటర్లంటే వస్తు దూరం 10 కన్నా తక్కువ, కాబట్టి వస్తువు కన్నా చిన్న ప్రతిబింబం. బొమ్మలో పెద్దదిగా ఉన్నది లెక్కలో చిన్నదయిందంటే గుర్తు తప్పిందని అర్థం. నిజానికి అతను కుంభాకార దర్పణానికి జవాబు కనుక్కున్నాడు. లెక్క తప్పలేదు, దర్పణమే మారిపోయింది. పుస్తకం వెనుక 30 అని చూసి, మధ్యలో ఎక్కడో ఒక గుర్తు మార్చి జవాబు కిట్టించడం అలవాటయితే ఈ తేడా ఎన్నటికీ అర్థం కాదు.

బొమ్మకు హద్దులు స్పష్టమే. చేతితో గీసిన కిరణ చిత్రం నుంచి కొలిచిన దూరం మిల్లీమీటర్ల దగ్గర తేడా వస్తుంది; మోల్ లెక్కలకు బొమ్మ పెద్దగా ఒనగూర్చేది ఏమీ లేదు.

ఒక చోట చూడడానికి

| పద్ధతి | బాగా నప్పేవి | తప్పు దాక్కునే చోటు | సరిచూసుకునే తీరు |
|---|---|---|---|
| సూత్రం | ఓమ్ నియమం, సామర్థ్యం, ఒకే దశలో చలనం | ప్రమాణాలు, సూత్రపు షరతు | ప్రమాణాలు రాయడం, జవాబు సాధ్యమేనా అని చూడడం |
| త్రైరాశికం | ఒకే పదార్థపు భారం ఇచ్చిన లెక్కలు, శాతాలు | వర్గ సంబంధాలు, సెల్సియస్, రెండు భారాలు ఇచ్చిన లెక్కలు | మొత్తం ద్రవ్యరాశి కూడి చూడడం |
| ప్రమాణాలు | మార్పిడులు, మోల్, మోలారిటీ, విద్యుత్ యూనిట్లు | గుణకాలు, ధన రుణ గుర్తులు | బొమ్మ లేదా ఉజ్జాయింపు |
| బొమ్మ | పలు దశల చలనం, దర్పణాలు, కటకాలు, వలయాలు | కచ్చితమైన విలువలు | సూత్రం |

వలయాలను ఈ పట్టికలో బొమ్మ దగ్గర పెట్టడానికి కారణం ఉంది. 6 ఓములు, 3 ఓముల నిరోధాలు సమాంతరంగా ఉంటే ఫలిత నిరోధం 2 ఓములు. విలోమాలు కూడి ఒకటి బై రెండు అని వచ్చాక దానిని తిరగేయడం మరిచి 0.5 ఓములని రాసేవారుంటారు. ఫలిత నిరోధం రెండింటిలో చిన్నదాని కన్నా తక్కువ ఉండాలన్న పరీక్ష కూడా ఇక్కడ సాయపడదు, 0.5 కూడా 3 కన్నా తక్కువే. వలయం గీసి, 6 వోల్టుల బ్యాటరీ పెట్టినట్టు అనుకుంటే, ఒక కొమ్మలో 1 ఆంపియరు, మరో కొమ్మలో 2 ఆంపియర్లు, మొత్తం 3. 6ను 3తో భాగిస్తే 2 ఓములు. బొమ్మ మీద నడిచిన ఈ చిన్న లెక్క అనుమానం తీరుస్తుంది.

సమీకరణాలు తుల్యం చేయడం వేరే సంగతి

రసాయన సమీకరణాలలో ఎంపిక ప్రయత్న పద్ధతికీ బీజగణిత పద్ధతికీ మధ్య. పదో తరగతి వరకు ప్రయత్న పద్ధతి చాలు: ప్రొపేన్ మండే చర్యలో ముందు కార్బన్, తరువాత హైడ్రోజన్, చివర ఆక్సిజన్ అన్న వరుస పాటిస్తే 1, 5, 3, 4 అని నిమిషంలో తేలుతుంది. పొటాషియం పర్మాంగనేట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల చర్య వంటిది వస్తే మాత్రం ప్రయత్నాలు పేజీ నింపుతాయి. పర్మాంగనేట్ గుణకాన్ని క అనుకోండి. పొటాషియం, మాంగనీస్‌ల వల్ల పొటాషియం క్లోరైడ్, మాంగనీస్ క్లోరైడ్ గుణకాలూ క అవుతాయి; ఆక్సిజన్ వల్ల నీరు 4క; హైడ్రోజన్ వల్ల ఆమ్లం 8క; ఆ ఆమ్లంలోని 8క క్లోరిన్ పరమాణువులలో 3క లవణాలకు పోగా 5క మిగిలి, క్లోరిన్ అణువులు 2.5క అవుతాయి. భిన్నం పోవడానికి క = 2 తీసుకుంటే 2, 16, 2, 2, 8, 5. ఇంటర్‌లో ఆక్సీకరణ సంఖ్యల పద్ధతి నేర్పుతారు, పరీక్షలో ఆ పద్ధతిలోనే చేయమంటే అలాగే చేయాలి. బీజగణితం దానిని సరిచూసుకోవడానికి పనికివస్తుంది.

ఎవరికి ఏది

ఎనిమిది, తొమ్మిది తరగతుల వారు, ముఖ్యంగా బీజగణితం ఇంకా చేతికి రాని వారు, త్రైరాశికంతో మొదలుపెట్టడంలో తప్పు లేదు. కానీ అందులోనూ ప్రతి సంఖ్య పక్కన గ్రాములో లీటర్లో రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకుంటే, పదో తరగతికి వచ్చేసరికి అది దానంతట అదే ప్రమాణాల పద్ధతిగా మారుతుంది. ఇదే నా మొదటి సలహా, ఎందుకంటే ఇందులో పాతది వదిలించుకోవలసిన బాధ లేదు.

తెలుగు మాధ్యమంలో పది చదివి ఇంటర్‌లో ఇంగ్లీషు మాధ్యమానికి మారే విద్యార్థులకు లెక్క కన్నా ముందు మాట అడ్డు పడుతుంది. నాభ్యంతరం, నిరోధం, స్థానభ్రంశం బాగా తెలిసినా వాటి కొత్త పేర్లు ప్రశ్నలో గుర్తుపట్టలేక ఆగిపోతారు. వారికి బొమ్మా ప్రమాణమూ రెండూ ఊతకర్రలు: ప్రశ్నలో ఓములు కనబడితే అది నిరోధమే, సెకను వర్గానికి మీటర్లు కనబడితే అది త్వరణమే, భాష ఏదైనా సరే. ప్రశ్న చదవగానే ప్రమాణాల కింద గీతలు గీసి, వాటి ఆధారంగా దత్తాంశం రాసుకోమని వారికి గట్టిగా చెబుతాను.

ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, కోసం సిద్ధమయ్యే వారి లెక్క వేరు. 180 నిమిషాలలో 160 ప్రశ్నలంటే ఒక్కోదానికి నిమిషం పైన కొద్ది సెకన్లే, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. అక్కడ సూత్రమే ముందు వరుసలో ఉంటుంది. అయినా నాలుగు జవాబులలో రెండింటి ప్రమాణాలు వేరుగా ఉంటే లెక్క చేయకుండానే వాటిని కొట్టివేయవచ్చు, గ్రాఫు లెక్కలలో వైశాల్యం కంటిచూపుతో తేలుతుంది. ఇంట్లో సాధన చేసేటప్పుడు నిదానంగా, ప్రమాణాలతో చేసిన వారికే పరీక్ష గదిలో వాటిని మనసులో నడిపే వేగం వస్తుంది. ఇంటి దగ్గరే వేగం కోసం ప్రమాణాలు వదిలేసిన వారికి రెండూ దక్కవు.

ఇక గైడ్లు, ఫోనులో ఫొటో తీస్తే జవాబు చూపే యాప్‌లు. వాటిని వద్దని నేను అనను. అవి దాదాపు ఎప్పుడూ సూత్రపు దారిలోనే జవాబు ఇస్తాయి కాబట్టి, వాటిని చూడక ముందు బొమ్మ గీసి, ప్రతిబింబం పెద్దదా చిన్నదా, బస్సు ఆగే దూరం పదుల మీటర్లా వందల మీటర్లా అని ఒక ఊహ నోట్‌బుక్‌లో రాసి ఉంచాలి. ఆ ఊహ రాసి ఉంటేనే వాటి జవాబును ప్రశ్నించే పట్టు దొరుకుతుంది.

తల్లిదండ్రులకు సైన్సు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. పిల్లలు లెక్క ముగించాక మూడు ప్రశ్నలు అడగవచ్చు: ఈ సంఖ్య గ్రాములా, మోల్‌లా, లీటర్లా? పాత్రలో వేసిన దానికన్నా ఎక్కువ వచ్చిందా? ఇదే లెక్కను బొమ్మతో చూపించగలవా? మొదట చెప్పిన అమ్మాయి చేత నేను చేయించింది మూడో ప్రశ్నకు జవాబే. గ్రాఫు గీస్తూ, నిలువు అక్షం మీద 72 అని రాయబోయి, అడ్డంగా సెకన్లున్నాయి కదా అని తనంతట తానే ఆగి, దానిని కొట్టేసి 20 అని రాసింది.